పెంచలమ్మకు పెరిగిన ఆయుష్షు

ఒమాన్ దేశంలో, మస్కట్ ఊరి అంచున ఉన్న అజైబాలో మాది ఫొటోకాపీ దుకాణం. పేరుకే ఫొటోకాపీ. అర్జీలు టైపు చేయడం, ఫారాలు నింపడం, ఊరికి ఉత్తరాలు రాయడం, ఊరి నుంచి వచ్చినవి చదివి వినిపించడం అన్నీ నా పనే. ఓనరు ఒమానీ మనిషి, నెలకోసారి కనిపిస్తాడు. మిగతా రోజుల్లో ఎవరొచ్చినా "జిలాని ఉండాడా?" అనే అడుగుతారు. కాగితాల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవడికీ తెలియదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ పొగరు ఎలా దిగిందో చెప్పాలంటే పెంచలమ్మ గురించి చెప్పాలి.

పెంచలమ్మది కడప జిల్లాలో, రాజంపేట వైపు ఒక పల్లె. మొగుడు ఓబయ్య క్వారీలో రాయి మీదపడి పోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు, కొడుకు కేశవులుకు ఏడు. గల్ఫ్‌కు పోతానని ఏజెంటు బాబు మియా దగ్గరికి వెళ్తే, అంత చిన్న వయసు ఆడదాన్ని ఇంటిపనికి ఎయిర్‌పోర్టులో వదలరు పొమ్మన్నాడట. మళ్ళీ తనే వారానికి కబురు పెట్టాడు. రాయచోటి మనిషి ఒకామె, పేరు హసీనా, ముప్పై రెండేళ్ళు, వీసా వచ్చాక ప్రయాణం మానుకుంది. పాస్‌పోర్టు బాబు మియా చేతిలోనే మిగిలిపోయింది. ఆ రోజుల్లో పాస్‌పోర్టులో ఫొటో జిగురుతో అంటించేవాళ్ళు. ఆమె ఫొటో ఊడింది, పెంచలమ్మ ఫొటో అంటుకుంది. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో బొంబాయిలో విమానమెక్కిన పెంచలమ్మ మస్కట్‌లో హసీనాగా దిగింది.

ఇలా వచ్చినవాళ్ళు మా వైపు నుంచి లెక్కలేనంత మంది. తప్పని అందరికీ తెలుసు. తప్పని తెలిసి కూడా బాబు మియా ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు.

ఆమె పనిచేసింది అజైబాలోనే, సముద్రానికి దగ్గర్లో ఒక ఒమానీ ఇంట్లో. ఆ ఇంటి ముసలమ్మను అందరూ మామా కబీరా అనేవాళ్ళు, అంటే పెద్దమ్మ. ఆమెకు స్నానం పోయడం, మందులివ్వడం, కాళ్ళు పట్టడం హసీనా పని. ఓబయ్య పోయాక కూడా ఊళ్ళో పెట్టుకున్న బొట్టు ఇక్కడ నొసట లేదు, తలమీద గుడ్డ తీయలేదు. రంజాన్ నెల పదకొండేళ్ళూ ఉపవాసం ఉంది, అదీ నేను కూడా ఉండనంత నిష్ఠగా. నేనొకసారి ఎగతాళి చేస్తే, "ఏ దేవుడైతే ఏమన్నా, కడుపు కాల్చుకునేది నా బిడ్డ కోసరమే గదా" అంది. మస్కట్‌లో ఆమె అసలు పేరు తెలిసింది నాకొక్కడికే. మొదటి ఉత్తరం రాయించడానికి వచ్చిన రోజు, కింద ఎవరి పేరు రాయమంటావమ్మా అంటే, నా ముఖం చూసి, "పెంచలమ్మ అని రాయన్నా" అని ఏడ్చేసింది.

శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంటివాళ్ళు ముసలమ్మను చక్రాల కుర్చీలో సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేవారు. కుర్చీ తోసేది పెంచలమ్మ. దూరంగా లంగరేసి ఉన్న ఓడలను చూసి, ఎన్ని ఉన్నాయో, ఏ రంగువో గుర్తుపెట్టుకుని, హాస్టల్లో ఉన్న కొడుక్కు ఫోన్లో చెప్పేది. వేరే ఏం చెబుతుంది పాపం! ఆ ఇంట్లో తన సంగతులు చెబితే పిల్లవాడు ఏడుస్తాడు. అందుకని ఓడలు చెప్పేది.

ఊరికి ఒక్కసారి వెళ్ళొచ్చింది, రెండువేల మూడులో. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎయిర్‌పోర్టు వరసలో హసీనా, హసీనా అని లోపల అనుకుంటూనే నిలబడ్డానని చెప్పింది. ఆ తర్వాత ఎయిర్‌పోర్టుల్లో కంప్యూటర్లు వచ్చాయి. ఇలాంటి పాస్‌పోర్టుతోనే పోయిన మున్నీ అనే పిల్ల మద్రాసులో పట్టుబడి జైలు పాలయింది. ఆ కబురు విన్నాక పెంచలమ్మ ఊరి మాట ఎత్తలేదు. పన్నెండేళ్ళప్పుడు చూసిన కొడుకు గొంతు ఫోన్లోనే మారింది. "మీసాలొచ్చినాయంటన్నా" అని నాతో చెప్పి నవ్వింది.

రెండువేల తొమ్మిది మే నెలలో ఆ కుర్రవాడు దుకాణానికి ఫోన్ చేస్తే పెంచలమ్మను పిలిపించాను. మద్రాసులో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. ఓడల్లో అధికారులను తయారుచేసే చదువు. నిజానికి అది సరుకు ఓడల నౌకాదళం, యుద్ధానిది కాదు. అయినా మావాళ్ళకు అదీ నేవీయే. తెల్ల యూనిఫాం, తెల్లారకముందే పరేడ్, పాసైతే భుజాల మీద బంగారు చారలు. వాడు తల్లితో ఏమన్నాడో నేను పక్కనే ఉండి విన్నాను. "అమ్మా, నువ్వు ఈడికి రాలేవు గదా. సదువైనాక నేనే ఓడలో ఆడికి వచ్చా."

ఆమె ఫోన్ పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, బల్ల మీద తల పెట్టింది. నేను టీ తెప్పించాను. ఆ రోజు మేమిద్దరం సంతోషంగానే ఉన్నాం.

పది రోజులకు యూనివర్సిటీ వాళ్ళ కాగితాలు వచ్చాయి. మొదటి పది ర్యాంకుల వాళ్ళకు స్కాలర్‌షిప్పు. వాళ్ళు వచ్చి చేరిపోవడమే, ఎవరి పూచీ అక్కర్లేదు. కేశవులుది పద్నాలుగో ర్యాంకు. స్కాలర్‌షిప్పు లేకుండా చేరేవాళ్ళకు మూడేళ్ళ ఫీజు కడతామని తల్లిగానీ తండ్రిగానీ హామీ రాసివ్వాలి. ఆ మనిషి విదేశంలో ఉంటే హామీ మీద ఎంబసీ ముద్ర, దాంతోపాటు పాస్‌పోర్టు కాపీ.

నేను ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. పెంచలమ్మ మాత్రం ఏమీ అనుమానపడలేదు.

"ఫీజుకేం, మామా కబీరా ఇచ్చే జీతం సరిపోతాది. కాగితం రాయన్నా, సంతకం పెడతా."

"ఏ పేరు పెడతావు మ్మే?"

ఆమె పెన్ను కోసం చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

"పెంచలమ్మ అని పెడితే పాస్‌పోర్టు యాడుంది? హసీనా అని పెడితే, హసీనా వానికి ఏమైతాది?" అన్నాను.

"మా అన్న పెడతాడులే ఊర్లో."

"ఆదాయం సూపియ్యాల. మీ యన్న కూలికి పోయేటోడు. అదీగాక అమ్మ ఉండంగా ఇంగొకరు పెడితే ఒప్పుకోరంట. రాసినారు సూడు ఈడ."

ఆ సమయంలో నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ కాగితం అడ్డం తిరిగితే దారి వెతక్కుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ఫారం తిరగేసి చదివాను. వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది: తల్లిదండ్రులిద్దరూ మరణించిన పక్షంలో, మరణ ధ్రువపత్రాలు జతచేసి, బాధ్యత వహించే వేరే వ్యక్తి ఎవరైనా హామీ ఇవ్వవచ్చు.

నాకు అది అల్లాయే చూపించిన దారిలా తోచింది. ఓబయ్య ధ్రువపత్రం ఎలాగూ ఉంది. పెంచలమ్మది కూడా ఒకటి సంపాదిస్తే, హసీనా అనే పుణ్యాత్మురాలు హామీ ఇస్తుంది. హసీనా పాస్‌పోర్టు ఉంది, జీతం కాగితం ఉంది. సంతకం పెట్టేదీ, ఫీజు కట్టేదీ ఎలాగూ ఆమే. ఎవరికి నష్టం?

నేను చెప్పింది విని ఆమె కుర్చీలోంచి లేచింది.

"బతికుండంగానే నన్ను సంపుతావా అన్నా?"

"నిజంగా సావమన్నానా? కాగితంలోనేగా."

"నా బిడ్డ సేతనే అమ్మ సచ్చిపోయిందని కాగితం ఇప్పిచ్చాల్నా? థూ!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. దుకాణంలో ఇద్దరు మలయాళీలు నా వైపు అదోలా చూశారు.

మూడో రోజు మళ్ళీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గడువు ఇంకా తొమ్మిది రోజులు. నేను ఆమె కోసం ఒక మాట దాచిపెట్టి ఉన్నాను. మా వైపు అందరూ అనే మాటే. "మనిషి పోయినాడని ఉత్తిపుణ్యానికి పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతాదంటారు గదమ్మా. నీకు నూరేండ్లు ఖాయం అనుకో."

ఆమె నవ్వలేదు. "వానితో నువ్వు సెప్పు. నా నోటితో నేను సెప్పలేను" అంది.

నేనే చెప్పాను. అవతల వాడు అంతా విన్నాడు. తర్వాత, "నేను చేరన్లే మామా. డిగ్రీ సదువుకుంటా" అన్నాడు. పెంచలమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఒరే, పదకొండేండ్లు ఈ ఎండలో నేను ఊరికే ఉండానా? నువ్వు చేరకపోతే నేను నిజంగానే సచ్చా. అప్పుడు ఏడు, కడుపునిండా ఏడు!" అని అరిచి పెట్టేసింది.

ఊళ్ళో పని బాబు మియాతోనే చేయించాను. అలాంటి పనులకు ఆయన్ని మించినవాడు లేడు. వాళ్ళ పంచాయతీలో వారంలోపే ధ్రువపత్రం పుట్టింది: పెంచలమ్మ, భర్త ఓబయ్య, రెండువేల ఏడులో విషజ్వరంతో మరణించినట్టు. పదకొండేళ్ళ కింద పేరు తీసేసిన మనిషే ఇప్పుడు ఊపిరి కూడా తీసేశాడు. మధ్యవర్తిని నేను.

ఎంబసీకి నేనే వెంట వెళ్ళాను. కిటికీ అవతల ఉన్న ఉత్తరాది అధికారి కాగితాలన్నీ చూసి, కళ్ళజోడు పైకి తోసి, హిందీలో అడిగాడు, ఈ కుర్రవాడు నీకేమవుతాడని.

"పక్కింటి పిల్లోడు సార్" అంది ఆమె, వచ్చీరాని హిందీలో.

"వాళ్ళమ్మ?"

"గుజర్ గయీ."

చనిపోయింది అని చెప్పే ఆ రెండు మాటలు ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చినట్టుంది. తడబడలేదు. అధికారి ఒక్క నిమిషం ఆమె ముఖంలోకి చూశాడు. అతను ముద్ర తీసి గట్టిగా వేసి, "పరాయి బిడ్డకు, అందులోనూ వేరే మతం బిడ్డకు, ఇంత చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా! నిన్ను కన్న తల్లి ధన్యురాలు" అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు ఆమెను మెచ్చుకోలుగా చూశారు.

ఆగస్టులో కేశవులు చేరాడు. మొదటి ఏడాది సెల్‌ఫోన్ పెట్టుకోనివ్వరు. ఆదివారం మధ్యాహ్నం వార్డెను గదికి ఫోన్ చేయాలి. మొదటి ఆదివారం దుకాణం నుంచి నేను కలిపిచ్చాను. ఎవరు మాట్లాడేదని వార్డెను అడిగితే "హసీనా" అని చెప్పింది. పిల్లవాడు వచ్చాడు. పక్కనే వార్డెను, వెనక వరసలో తోటి పిల్లలు. ఏం చేస్తాడు!

"బాగుండారా ఆంటీ?" అన్నాడు.

ఆమె ఫోన్‌ను చెవి నుంచి తీసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది. "బాగుండా నాయనా. నువ్వు తింటాండావా?" అంది. అప్పట్నించీ ఆదివారాలన్నీ అంతే. వాడు ఆంటీ అంటాడు, ఈమె నాయనా అంటుంది.

సెప్టెంబరులో వాడి ఫొటో ఈ-మెయిల్లో వస్తే రంగుల్లో ప్రింటు తీసిచ్చాను. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. చేరిన వాళ్ళందరికీ అక్కడ జుట్టు నున్నగా తీసేస్తారు. నేను బట్టలు చూసి మురిసిపోతున్నాను. ఆమె తలనే చూస్తోంది.

"నాకు కర్మ చేసినట్టుండాడు గదన్నా" అంది.

నేను కాగితం మీద రాసింది వాడి తలమీద కనిపిస్తోంది.

అక్టోబరు ఆఖర్లో మామా కబీరా కాలం చేసింది. కన్నకూతురు ఏడ్చినట్టు ఏడ్చింది పెంచలమ్మ. నలభై రోజులు గడిచాక ఆ ఇంటి కొడుకు ఆమెను పిలిచి పాస్‌పోర్టు చేతికిచ్చి, కేశవులు మిగతా చదువుకు సరిపోయేంత డబ్బు ఒక కవరులో పెట్టి ఇచ్చాడట. మా అమ్మ చెప్పిపోయింది, నువ్వు మీ దేశం పో, లేదంటే రుస్తాఖ్‌లో మా చెల్లెలి ఇల్లుంది అక్కడ ఉండు అన్నాడట. ఒమానీల్లో మంచివాళ్ళ మంచితనం అలా ఉంటుంది.

అదే సమయానికి ఒమాన్ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది, అంటే క్షమాభిక్ష. సరైన కాగితాలు లేనివాళ్ళు వచ్చి అసలు పేరు చెప్పుకుంటే, శిక్ష లేకుండా ఎంబసీ ఔట్‌పాస్ అనే తెల్లకాగితం ఇచ్చి ఇంటికి పంపుతుంది. పెంచలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ రోజు నేను ఆమెను గుర్తుపట్టలేదు. తలమీద గుడ్డ లేదు. నొసట ఇంత బొట్టు.

"అన్నా, ఫీజు దుడ్లు చేతికొచ్చినాయి. ఇంగ హసీనాతో పనేముంది? పెంచలమ్మగా పోతా. వాళ్ళ పరేడ్‌కు అమ్మానాయనలు పోతారంట. దూరంగా నిలబడైనా సూచ్చా."

నిజం చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో ధ్రువపత్రం సంగతి తట్టలేదు. కాగితాల్లో పండిపోయానని విర్రవీగే జిలానికి తట్టలేదు! పాత రేషన్ కార్డు ఊరి నుంచి తెప్పించి, కాపీలు తీసి, అర్జీ టైపు చేసి, ఎంబసీలో నేనే ఇచ్చొచ్చాను. వాళ్ళు మనిషి వివరాలు కనుక్కోమని జిల్లాకు రాస్తారు. రాశారు.

జనవరి ఆఖరి వారంలో జవాబు పట్టుకుని ఆమె దుకాణానికి వచ్చింది. "వచ్చేసిందన్నా. ఏ తారీఖంట?" అంది. నేను విప్పి చదివాను. మూడు వాక్యాలే. సదరు పెంచలమ్మ రెండువేల ఏడులో మరణించినట్టు పంచాయతీ రికార్డుల్లో ఉన్నదనీ, ఆమె పేరుతో ప్రయాణపత్రం ఇవ్వడం కుదరదనీ, దరఖాస్తు చేసినవారు తాము ఎవరో రుజువు చేసుకోవాలనీ.

తెలుగులో చెప్పాను. ఆమె నిలబడే వింది.

"తప్పు నాది. రేపు నేనే ఎంబసీకి పోతా. ఆ సర్టిఫికెట్ అబద్ధం, పుట్టించింది నేనూ బాబు మియా అని సెప్తా. నన్నేమన్నా చేసుకోనీ. నీ పేరు నీకు వచ్చాది" అన్నాను.

"అట్ల సెప్తే పిల్లోని సీటు?"

దొంగ ధ్రువపత్రం పెట్టి చేరినవాణ్ణి ఎవరు ఉంచుతారు? మొదటి ఏడాది సగం అయింది. తెల్లబట్టలు విప్పించి గేటు బయటికి పంపుతారు. కేసు కూడా పెడతారేమో.

"సెప్పన్నా. సీటు పోతాదా?"

"పోతాది."

ఆమె కుర్చీలో కూర్చుంది. బల్ల మీదున్న నీళ్ళ సీసా తీసుకుని సగం తాగింది. కొంగుతో ముఖం తుడుచుకుంటే బొట్టు చెదిరింది. అద్దం చూడకుండానే మొత్తం తుడిచేసింది.

"అయితే నువ్వు యాడికీ పోవద్దు" అంది. కాసేపటికి, "ఆయుష్షు పెరుగుతాదంటివే! నిజమేనన్నా. సచ్చినోళ్ళు మళ్ళా ఎట్ల సచ్చారు?" అంది. ఆ మాట తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ రోజు ఆదివారం. ఆమె ఫోన్ కలపమంది. వద్దు, ఇవాళ వద్దు అన్నాను. కలపమంది. వార్డెను, "ఎవరు?" ఆమె, "హసీనా." కేశవులు వచ్చాడు. ఈతలో మొదటివాడిగా వచ్చానని, ఓడ పొడుగు కొలతలూ, తాళ్ళ ముడులూ నేర్పుతున్నారని, చదువు పూర్తయ్యాక ఎక్కే మొదటి ఓడ గల్ఫ్ వైపు వచ్చేదైతే బాగుండునని గబగబా చెప్పాడు. గొంతు తగ్గించి, "మస్కట్‌లో దిగితే నిన్ను... మిమ్మల్ని యాడ ఎతకాల ఆంటీ?" అని అడిగాడు.

"నేను రుస్తాఖ్ పోతాండా నాయనా. ఆడ సముద్రం లేదు. ఓడ దిగి బస్సెక్కి రావాల."

"వచ్చా. ఏమని అడగల్ల?"

పెంచలమ్మ నా వైపు చూసింది.

"హసీనా అని అడుగు నాయనా. ఎవరైనా సూపిచ్చారు."

ఫోన్ పెట్టేసి తలమీద గుడ్డ కప్పుకుంది. నేను సొరుగు తెరిచి, కాపీలు తీశాక అందులో పెట్టి ఉంచిన రేషన్ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. పెంచలమ్మ, వయసు ఇరవై మూడు అని ఉన్న ఆ కార్డును ఆమె ముట్టుకోలేదు.

"నీకాడే ఉండనీలే అన్నా" అని వెళ్ళిపోయింది.

ఇప్పటికీ అది నా సొరుగులోనే ఉంది.